నాలుగు గోడల నడుమ ఆకాశం

తీగలో ప్రవహించే విద్యుత్తును తరంగంగా మార్చి గాలిలోకి విడవడం, గాలిలో వచ్చిన తరంగాన్ని తిరిగి విద్యుత్తుగా మార్చి తీగకు అందించడం యాంటెన్నా చేసే పని. సెల్‌ఫోన్ అంచున ఇమిడిన సన్నని లోహపు పట్టీ మొదలుకొని ఉపగ్రహ సంకేతాలను పట్టే పెద్ద పళ్లెం దాకా ఆకారాలు ఎన్ని ఉన్నా పని మాత్రం ఇదే. ఈ పనిని ఏ యాంటెన్నా ఎంత సమర్థంగా చేస్తున్నదో తేల్చడం అంత తేలిక కాదు. వెలువడే శక్తి కంటికి కనబడదు కనుక దానిని పట్టి చూడడానికి మరొక యాంటెన్నా కావాలి, ఆ రెండోదాని గుణాలు ముందే తెలిసి ఉండాలి, పైగా ఆ రెండింటి చుట్టూ ఉన్న నేల, గోడలు, స్తంభాలు, మనుషులు కొలతలో తలదూర్చకుండా చూడాలి. యాంటెన్నాలను కొలిచే ప్రయోగశాలల చరిత్రలో పెద్ద భాగం ఈ చివరి షరతును నెరవేర్చే ప్రయత్నంగానే సాగింది. విచిత్రమేమిటంటే, ఎంతో ఖర్చు పెట్టి బయటికి గెంటిన ప్రతిఫలనాలనే గడచిన పాతికేళ్లలో ఆ ప్రయోగశాలలు పనిగట్టుకుని మళ్లీ లోపలికి పిలిపించుకోవలసి వచ్చింది.

కొలవవలసినవాటిలో మొదటిది కేబుల్‌కూ యాంటెన్నాకూ మధ్య ఉండే పొత్తు. రెండింటి విద్యుత్ అవరోధం సరిపోలకపోతే (ప్రయోగశాలల్లో సాధారణంగా 50 ఓములను ప్రమాణంగా పాటిస్తారు) పంపిన శక్తిలో కొంత గాలిలోకి పోకుండా వచ్చిన దారినే వెనుదిరుగుతుంది. వెక్టర్ నెట్‌వర్క్ అనలైజర్ అనే పరికరం ఒక్కొక్క పౌనఃపున్యం వద్ద శక్తిని పంపుతూ, వెనక్కి వచ్చిన తరంగం పరిమాణాన్నే కాక దాని దశను, అంటే ఎత్తుపల్లాల ఆవర్తనంలో అది ఏ స్థానంలో ఉన్నదో ఆ సంగతిని కూడా నమోదు చేస్తుంది. వెనక్కి వచ్చిన శక్తి పంపినదానిలో పదో వంతయితే దానిని మైనస్ 10 డెసిబెల్ అంటారు. డెసిబెల్ లెక్కలో పది మెట్లు దిగిన ప్రతిసారీ శక్తి పదో వంతుకు పడిపోతుంది కనుక మైనస్ 20 అంటే నూరో వంతు, మైనస్ 40 అంటే పదివేలో వంతు. కొలత మొదలుపెట్టే ముందు కేబుల్ చివర ఏమీ తగిలించకుండా ఒకసారి, లోహంతో మూసి ఒకసారి, సరిగ్గా 50 ఓముల భారం బిగించి ఒకసారి చూసి, కేబుల్ వల్ల కలిగే దోషాన్ని లెక్కలోంచి తీసివేస్తారు. ఈ చిన్న ఇత్తడి కనెక్టర్లను చేతి బిగువును నమ్మి కాక, నిర్ణీత బిగువు రాగానే జారిపోయే టార్క్ రెంచ్‌తో బిగిస్తారు, ఎందుకంటే మర కాస్త వదులైనా దశ మారిపోతుంది. అయితే పొత్తు కుదిరినంత మాత్రాన యాంటెన్నా మంచిదని చెప్పడానికి వీలులేదు. 50 ఓముల నిరోధకాన్ని బిగించినా ఏమీ వెనక్కి రాదు, కానీ అందిన శక్తినంతా అది వేడిగా మార్చుకుంటుందే తప్ప గాలిలోకి ఏమీ పంపదు. విద్యార్థుల ప్రాజెక్టు నివేదికలు ఈ పొత్తును చూపే ఒక్క గీతతో ముగిసిపోవడం ఎంత అసంపూర్ణమో దీనిని బట్టి గ్రహించవచ్చు.

అసలు కష్టం గాలిలోకి వెళ్లిన శక్తిని కొలవడంలో ఉంది. ఏ దిశలో ఎంత శక్తి వెళుతున్నదో చూపే రేఖాచిత్రాన్ని రేడియేషన్ ప్యాటర్న్ అంటారు. అందులో ప్రధాన దిశకు పోయే పుంజంతోపాటు అక్కరలేని దిశలకు పోయే చిన్న పక్క పుంజాలు కూడా కనిపిస్తాయి. అన్ని దిశలకూ సమానంగా శక్తిని వెదజల్లే ఊహాత్మక యాంటెన్నాతో పోలిస్తే ప్రధాన దిశలో ఎన్ని రెట్లు ఎక్కువ పంపుతున్నదో తెలిపే సంఖ్య గెయిన్. గెయిన్‌ను కొలవాలంటే గెయిన్ తెలిసిన యాంటెన్నా ఒకటి ఉండాలి, మరి దాని గెయిన్ ఎలా తెలిసినట్టు అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. 1946లో హరాల్డ్ ఫ్రీస్ ప్రకటించిన సూత్రం ప్రకారం రెండు యాంటెన్నాల మధ్య చేరే శక్తి వాటి గెయిన్‌ల లబ్ధం మీద, దూరం మీద, తరంగదైర్ఘ్యం మీద ఆధారపడుతుంది. కాబట్టి గెయిన్ తెలియని మూడు యాంటెన్నాలను తీసుకుని జంటలు జంటలుగా మూడుసార్లు కొలిస్తే మూడు సమీకరణాలు వచ్చి మూడు విలువలూ తేలిపోతాయి. అలా తేల్చి ప్రమాణంగా ఉంచుకునేది చాలా చోట్ల కొమ్ము ఆకారంలో ఉండే హార్న్ యాంటెన్నా. 1890లలో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో జగదీశ్ చంద్ర బోస్ కొన్ని మిల్లీమీటర్ల తరంగాలతో చేసిన ప్రయోగాల్లో వాడిన గరాటు వంటి గ్రాహకం దీనికి పూర్వరూపమే.

ఇక పరిసరాల సంగతి. రేడియో తరంగాల ఉనికిని నిరూపించిన హైన్రిచ్ హెర్ట్జ్ 1888 నాటికే ఈ చిక్కును ఎదుర్కొన్నాడు. కార్ల్‌స్రూహేలో ఆయన ప్రయోగం చేసిన ఉపన్యాస మందిరం సుమారు 15 మీటర్ల పొడవు, 14 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల ఎత్తు ఉండేది. అయినా పక్క గోడల వెంబడి వరుసగా ఉన్న ఇనుప స్తంభాలు తరంగాలకు గోడల్లాగే అడ్డుపడుతున్నాయని గుర్తించి, వాటి నడుమ ఉన్న చోటునే వాడదగినదిగా లెక్కించుకున్నాడు. తరంగదైర్ఘ్యం కొలవడానికి ఎదుటి గోడకు జింకు రేకు అమర్చి ప్రతిఫలనాన్ని తానే కోరి తెచ్చుకున్నా, స్తంభాల నుంచి వచ్చే ప్రతిఫలనం ఆయన కోరనిది. ఆ తరువాత వచ్చిన వారికి కూడా కావలసిన ప్రతిఫలనాన్నీ అక్కరలేని ప్రతిఫలనాన్నీ వేరు చేయడమే ప్రధాన సమస్యగా నిలిచింది.

దీనికి మొదట తట్టిన ఉపాయం ఆరుబయటికి వెళ్లడం. ఎత్తైన రెండు గోపురాల మీద రెండు యాంటెన్నాలను నిలిపి, ఒకదానిని మెల్లగా తిప్పుతూ కొలిస్తే చుట్టూ గోడలంటూ ఉండవు. అయితే ఆ గోపురాల మధ్య దూరం ఇష్టం వచ్చినంత ఉంచితే చాలదు. యాంటెన్నా నుంచి బయలుదేరిన తరంగం గోళంలా వ్యాపిస్తూ దూరం పోయేకొద్దీ చదునవుతుంది, చదునైన తరంగం అందినప్పుడు యాంటెన్నా ఎలా స్పందిస్తుందన్నదే తెలుసుకోవలసిన విషయం. యాంటెన్నా వ్యాసం వర్గాన్ని రెట్టింపు చేసి తరంగదైర్ఘ్యంతో భాగిస్తే వచ్చే దూరం వద్ద, యాంటెన్నా నడిమికీ అంచుకూ చేరే తరంగాల మధ్య తేడా తరంగదైర్ఘ్యంలో పదహారో వంతుకు తగ్గుతుంది. అక్కడి నుంచి ఆవలి ప్రాంతాన్ని దూర క్షేత్రంగా పరిగణిస్తారు. 10 గిగాహెర్ట్జ్ వద్ద, అంటే తరంగదైర్ఘ్యం 3 సెంటీమీటర్లు ఉన్నప్పుడు, మీటరు వ్యాసం గల పళ్లానికి ఇది దాదాపు 67 మీటర్లు. వ్యాసం 3 మీటర్లయితే 600 మీటర్లు కావాలి. అంత స్థలం దొరికినా నేల నుంచి ప్రతిఫలనం తప్పదు, వాన కురిస్తే పని ఆగిపోతుంది, పొరుగున ఉన్న ప్రసారాలు కొలతలో కలుస్తాయి, ఇంకా ప్రకటించని ఉపగ్రహాన్నో రాడార్‌నో నలుగురి కంటపడేలా తిప్పడం చాలా సంస్థలకు ఇష్టం ఉండదు.

అందువల్ల ఆకాశాన్నే గదిలోకి తెచ్చుకోవలసి వచ్చింది. అనెకోయిక్ ఛాంబర్ అనే ఈ గదికి బయట లోహపు తొడుగు ఉంటుంది. అది ఊరి ప్రసారాలను లోపలికి రానివ్వదు. లోపల గోడలు, కప్పు, నేల అన్నింటినీ బొగ్గుపొడి పట్టించిన నురుగు పిరమిడ్లతో కప్పుతారు. లోహపు గోడ తరంగాన్ని అద్దంలా తిప్పికొడుతుంది, చదునైన నురుగు దిమ్మె కూడా గాలి నుంచి హఠాత్తుగా ఎదురైతే కొంత తిప్పికొడుతుంది. కానీ పిరమిడ్ మొన దగ్గర దాదాపు అంతా గాలే, లోపలికి పోయేకొద్దీ నురుగు పాలు పెరుగుతుంది కనుక తరంగానికి ఎక్కడా గట్టు తగిలినట్టు ఉండదు. అది ఆ వాలులోకి దిగి, పిరమిడ్ల మధ్య ఇటూ అటూ తాకుతూ బొగ్గులో వేడిగా మారి కరిగిపోతుంది. 60 సెంటీమీటర్ల ఎత్తు పిరమిడ్ 1 గిగాహెర్ట్జ్ వద్ద తనను సూటిగా తాకిన శక్తిలో పదివేలో వంతును మాత్రమే తిరిగి పంపగలదు. ఏటవాలుగా తాకినప్పుడు ఈ సామర్థ్యం తగ్గుతుంది కాబట్టి రెండు యాంటెన్నాలకు సరిగ్గా నడుమ పడే గోడ భాగాల మీద ఎక్కువ శ్రద్ధ చూపుతారు. బొగ్గు వల్ల నురుగు నల్లగానే ఉంటుంది, వెలుతురు కోసం పైన వేసే నీలిరంగు ఇప్పుడు ఈ గదులకు గుర్తుగా స్థిరపడింది. మొనలు పెళుసు కనుక మనిషి నడవడానికి విడిగా దారి పలకలు పరచి, కొలత వేళ తీసివేస్తారు లేదా వాటిని కూడా నురుగుతో కప్పుతారు. మంటలు త్వరగా అంటుకోకుండా నురుగుకు రసాయనం పట్టించడం తప్పనిసరి, ఎందుకంటే శక్తిమంతమైన రాడార్ యాంటెన్నాను పూర్తి స్థాయిలో నడిపితే దానికి ఎదురుగా ఉన్న పిరమిడ్లే వేడెక్కుతాయి.

పదివేలో వంతు అంటే చాలా తక్కువని అనిపించినా, కొలిచేది బలహీనమైనప్పుడు అదే పెద్దదవుతుంది. ప్రధాన పుంజం కంటే 30 డెసిబెల్ తక్కువగా ఉన్న పక్క పుంజాన్ని కొలుస్తున్నప్పుడు, ప్రధాన పుంజం గోడను తాకి 40 డెసిబెల్ తక్కువ స్థాయిలో వెనక్కి వచ్చిందనుకుంటే, ఆ రెండు తరంగాలు కలిసివస్తే పరికరం సుమారు మైనస్ 27.6 చూపుతుంది, ఎదురుపడితే మైనస్ 33.3 చూపుతుంది. అసలు విలువ ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. కొలత నివేదికలో అనిశ్చితి ఎంతో రాయకుండా ఒక్క సంఖ్య మాత్రమే ఇచ్చే ప్రయోగశాల సగం పనే చేసినట్టు లెక్క.

అనెకోయిక్ ఛాంబర్ అన్న పేరుతోనే పిలిచే మరొక రకం గది కూడా ఉంది. ఏ యంత్రం ఎంత అక్కరలేని రేడియో సందడి చేస్తున్నదో, బయటి సందడిని ఎంత తట్టుకుంటున్నదో పరీక్షించే గది అది. అక్కడ 30 మెగాహెర్ట్జ్ దాకా, అంటే 10 మీటర్ల తరంగాల దాకా దిగవలసి ఉంటుంది. అంత పొడవు తరంగాలకు పిరమిడ్లు కడితే గదిలో చోటు మిగలదు కనుక కొన్ని మిల్లీమీటర్ల మందం గల ఫెర్రైట్ పలకలను గోడలకు అతికిస్తారు. మన దేశం సంగతికి వస్తే, కేంద్ర ప్రభుత్వ సంస్థ సమీర్‌కు చెన్నైలో విద్యుదయస్కాంత శాస్త్రానికి, విశాఖపట్నంలో విద్యుదయస్కాంత పరిసర ప్రభావాలకు ప్రత్యేక కేంద్రాలు ఉన్నాయి. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ యుద్ధతంత్ర వ్యవస్థలను రూపొందించే డీఎల్‌ఆర్‌ఎల్ వంటి రక్షణ ప్రయోగశాలలకు యాంటెన్నా కొలత నిత్యకృత్యం.

గది కట్టినా దూర క్షేత్రానికి కావలసిన 600 మీటర్ల సమస్య మాత్రం అలాగే మిగిలింది. దానికి రెండు మార్గాలు దొరికాయి. 1960లలో అమెరికాలోని జార్జియా టెక్‌లో రిచర్డ్ జాన్సన్ అభివృద్ధి చేసిన కాంపాక్ట్ రేంజ్‌లో ఒక పెద్ద పరావలయ దర్పణం నాభి వద్ద చిన్న హార్న్‌ను ఉంచుతారు. హార్న్ పంపిన గోళాకార తరంగం దర్పణాన్ని తాకి చదునైన తరంగంగా మారుతుంది కనుక కిలోమీటర్ల అవతల తయారయ్యేది పది ఇరవై మీటర్లలోనే సిద్ధమవుతుంది. దర్పణం అంచు వద్ద తరంగం చెదిరి ఈ చదునును పాడుచేయకుండా అంచును రంపపు పళ్లలా కత్తిరించడమో, వెనక్కి చుట్టినట్టు వంచడమో చేస్తారు. బెంగళూరులో ఉపగ్రహాలను కూర్చి పరీక్షించే ఇస్రో ప్రాంగణంలో ఇలాంటి కేంద్రం ఉంది. అక్కడ యాంటెన్నాను విడిగా కాక, అది బిగించిన ఉపగ్రహంతో సహా నిలిపి కొలవవచ్చు. ఇది ముఖ్యమైన సదుపాయం, ఎందుకంటే ఉపగ్రహపు లోహపు ఒడలు కూడా యాంటెన్నా పుంజాన్ని మారుస్తుంది.

రెండో మార్గం గణితంది. యాంటెన్నాకు చాలా దగ్గరగా, సమీప క్షేత్రంలో, ఒక చిన్న గ్రాహకాన్ని వరుసల వెంబడి నడిపిస్తూ ప్రతి బిందువు వద్ద తరంగ పరిమాణాన్నీ దశనూ నమోదు చేసి, ఆ పట్టిక మొత్తాన్ని ఫూరియర్ పరివర్తన అనే గణిత ప్రక్రియకు అప్పగిస్తే, ఎంతో దూరాన ఆ యాంటెన్నా ప్యాటర్న్ ఎలా ఉంటుందో లెక్కలోంచి తేలుతుంది. బిందువుల మధ్య ఎడం తరంగదైర్ఘ్యంలో సగానికి మించకూడదన్నది నియమం. 10 గిగాహెర్ట్జ్ వద్ద మీటరున్నర చదరంలో కొలవాలంటే పది వేలకు పైగా బిందువులు అవుతాయి. గ్రాహకం తన స్థానం నుంచి పదో వంతు మిల్లీమీటరు ముందుకో వెనక్కో జరిగితే ఆ పౌనఃపున్యంలో దశ 1.2 డిగ్రీలు తప్పుతుంది, 60 గిగాహెర్ట్జ్‌లో 7 డిగ్రీలు దాటుతుంది. అందుకే ఈ గదుల్లో లేజర్లు, నల్లరాతి పీఠాలు, ఉష్ణోగ్రత నియంత్రణ కనబడతాయి. గ్రాహకం తన స్వభావంతో కలిపే దోషాన్ని తీసివేసే సిద్ధాంతానికి అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో డేవిడ్ కెర్న్స్ పునాది వేయగా, యాంటెన్నా చుట్టూ గోళం మీద కొలిచే పద్ధతిని డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం పెంచి పోషించింది. ఐరోపా అంతరిక్ష సంస్థతో కలిసి ఆ విశ్వవిద్యాలయం నడిపే ప్రయోగశాల నేటికీ ఇతర ప్రయోగశాలలు తమ కొలతలను సరిచూసుకోవడానికి ఆధారంగా ఉంది.

ఏ గదిలోనూ పట్టని యాంటెన్నాలు కూడా లేకపోలేదు. చంద్రయాన్-1 కోసం హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ నిర్మించగా బెంగళూరు సమీపంలోని బ్యాలాలులో వెలసిన పళ్లెం వ్యాసం 32 మీటర్లు. 8.4 గిగాహెర్ట్జ్ వద్ద దాని దూర క్షేత్రం సుమారు 57 కిలోమీటర్ల అవతల మొదలవుతుంది. ఇంతటివాటిని కొలవడానికి నిజమైన ఆకాశాన్నే ఆశ్రయిస్తారు. రేడియో తరంగాలను వెలువరించే, తీవ్రత తెలిసిన కాసియోపియా-ఎ వంటి నక్షత్ర శిథిలం వైపు ఒకసారి, ఆ పక్కనే ఖాళీగా ఉన్న ఆకాశం వైపు ఒకసారి పళ్లాన్ని తిప్పి, రెండుసార్లు అందిన శక్తుల నిష్పత్తి నుంచి యాంటెన్నా గెయిన్‌కూ దాని సొంత గోలకూ ఉన్న నిష్పత్తిని రాబడతారు. ఆ శిథిలం కూడా ఏటేటా కొద్దికొద్దిగా మసకబారుతూ ఉంటుంది కనుక పాత పట్టికలోని విలువను సరిచేసుకున్నాకే వాడుకోవాలి.

ఇంతవరకు చెప్పినదంతా యాంటెన్నా ఒంటరిగా శూన్యంలో ఉన్నదన్న ఊహ మీద నడిచింది. చేతిలో పట్టుకునే ఫోన్ విషయంలో ఆ ఊహ నిలబడదు. 2010లో విడుదలైన ఐఫోన్ 4లో బయటి లోహపు చట్రమే యాంటెన్నా. దాని ఎడమ కింది భాగంలోని సందును అరచేయి కప్పితే సంకేతం పడిపోతున్నదని వినియోగదారులు గగ్గోలు పెట్టారు, కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక తన ప్రయోగశాలలో పరీక్షించి ఆ మాట నిజమేనన్నది. ఆ ఏడాది జూలై 16న విలేకరుల ముందుకు వచ్చిన స్టీవ్ జాబ్స్ తమకు 17 అనెకోయిక్ ఛాంబర్లు ఉన్నాయని, వాటి మీద పది కోట్ల డాలర్లకు పైగా వెచ్చించామని చెప్పి, కొనుగోలుదారులకు ఉచితంగా తొడుగులు ఇస్తామని ప్రకటించాడు. గదులకు లోటు లేదు, గదిలోకి ఏ చేతిని ఏ పట్టుతో తీసుకుపోవాలన్నదే తేలవలసిన సంగతి. నేడు ఫోన్ల పరీక్షలో మనిషి కణజాలం వంటి విద్యుత్ గుణాలు గల కృత్రిమ తలను, చేతిని వాడి, అన్ని దిశలకూ కలిపి మొత్తం ఎంత శక్తి వెలువడుతున్నదో, ఎంత బలహీనమైన సంకేతాన్ని ఫోన్ అందుకోగలుగుతున్నదో కొలుస్తారు. శరీరం ఎంత శక్తిని పీల్చుకుంటున్నదో చూసే పరీక్ష వేరు. తల ఆకారపు తొట్టిలో ప్రత్యేక ద్రావణం పోసి, అడుగున ఫోన్ ఆనించి, రోబో చేతికి అమర్చిన సన్నని గ్రాహకంతో ద్రావణం లోపల వెతుకుతారు. ఒక గ్రాము కణజాలానికి సగటున కిలోగ్రాముకు 1.6 వాట్లు భారతదేశం విధించిన పరిమితి.

ప్రతిఫలనాల మీద చూపు పూర్తిగా మారింది మాత్రం అనేక యాంటెన్నాల పద్ధతి వచ్చాక. గోడలను, భవనాలను తాకి వేర్వేరు దారుల్లో వచ్చే తరంగాలను శత్రువులుగా చూడకుండా, ఒక్కొక్క దారిని ఒక్కొక్క సమాచార ప్రవాహానికి వాడుకోవచ్చని స్టాన్‌ఫోర్డ్‌లో పనిచేసిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్, థామస్ కైలాత్‌లు పొందిన 1994 నాటి పేటెంటు, ఆ వెంటనే బెల్ లాబ్స్ పరిశోధనలు చూపాయి. మైమో అని పిలిచే ఈ విధానమే నేటి వైఫైకి, 4జీకి, 5జీకి ప్రాణం. ప్రతిఫలనం ఏ మాత్రం లేని గదిలో ఇలాంటి ఫోన్‌ను పరీక్షిస్తే దాని అసలు ప్రతిభ బయటపడదు. అందుకని పిరమిడ్లు లేని వట్టి లోహపు గదిలో పెద్ద లోహపు రెక్కలను తిప్పుతూ, తరంగాలను అన్ని దిశల నుంచీ కలగాపులగంగా వచ్చేలా చేసే రెవర్బరేషన్ ఛాంబర్లు వాడుకలోకి వచ్చాయి. స్వీడన్‌లోని చామర్స్ విశ్వవిద్యాలయంలో పెర్ సైమన్ కిల్డాల్ బృందం వీటిని ఫోన్ల పరీక్షకు మలచింది. మరొక పద్ధతిలో అనెకోయిక్ గదిలోనే ఫోన్ చుట్టూ వలయంగా అనేక యాంటెన్నాలను నిలిపి, వాటి వెనుక ఛానల్ ఎమ్యులేటర్ అనే యంత్రాన్ని ఉంచి, ఇరుకు సందులోనో రద్దీ కూడలిలోనో తరంగాలు ఏయే దిక్కుల నుంచి ఎంత ఆలస్యంగా వస్తాయో అచ్చం అలాగే కృత్రిమంగా పుట్టిస్తారు. ఆ ఆలస్యాల లెక్కలు కూడా వీధుల్లో కొలిచి తెచ్చినవే. న్యూయార్క్ వీధుల్లో 28 గిగాహెర్ట్జ్ తరంగాలను థియోడర్ రాపపోర్ట్ బృందం కొలిచి 2013లో ప్రకటించిన ఫలితాలు, మిల్లీమీటర్ల స్థాయి తరంగాలు సెల్‌ఫోన్లకు పనికిరావన్న పాత నమ్మకాన్ని సడలించాయి.

5జీ కోసం భారతదేశం 2022లో వేలం వేసిన పౌనఃపున్య పట్టీల్లో 26 గిగాహెర్ట్జ్ కూడా ఉంది. అక్కడ తరంగదైర్ఘ్యం సుమారు 11.5 మిల్లీమీటర్లే కనుక పదుల కొద్దీ చిన్న యాంటెన్నాలను చిప్‌తో కలిపి ఒకే పలకలో పొదుగుతారు, ఒక్కొక్కదానికి అందించే దశను మార్చి, పలకను కదపకుండానే పుంజాన్ని తిప్పుతారు. అలాంటి పలకకు కేబుల్ తగిలించే చోటే ఉండదు, పొత్తు కొలిచే పాత అలవాటు అక్కడ చెల్లదు, ఏ పరీక్ష అయినా గాలిలోంచే జరగాలి. పుంజం మారిన ప్రతిసారీ ప్యాటర్న్ కూడా మారుతుంది కనుక కొలవవలసినవాటి సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది. 2022 మే 17న ప్రారంభమైన దేశీయ 5జీ టెస్ట్‌బెడ్‌ను ఐఐటీ మద్రాస్ సారథ్యంలో ఐఐటీ హైదరాబాద్ సహా ఎనిమిది సంస్థలు సుమారు 220 కోట్ల రూపాయల వ్యయంతో నెలకొల్పాయి. సొంతంగా ఇలాంటి సదుపాయాలు కట్టుకోలేని చిన్న కంపెనీలు, అంకుర సంస్థలు తమ పరికరాలను తెచ్చి పరీక్షించుకోవాలన్నది దాని ఉద్దేశం.

ఛాంబర్ లేని కళాశాలలకు నెట్‌వర్క్ అనలైజర్ ఒక్కటే కొంత దారి చూపగలదు. విశాలమైన పౌనఃపున్య పట్టీలో కొలిచిన ఫలితాన్ని గణితం ద్వారా కాలంలోకి మార్చితే, రెండు యాంటెన్నాల మధ్య నేరుగా వచ్చిన తరంగం ముందు, గోడలను తాకి వచ్చినవి తరువాత వేర్వేరు శిఖరాలుగా కనబడతాయి. మొదటి శిఖరాన్ని ఉంచి మిగిలినవాటిని చెరిపివేసి తిరిగి పౌనఃపున్యంలోకి మార్చితే, మామూలు గదిలో కొలిచినది కూడా చాలావరకు శుభ్రపడుతుంది. గోడ నుంచి వచ్చే తరంగం కనీసం మీటరు ఎక్కువ దూరం తిరిగి వస్తే అది 3.3 నానోసెకన్లు ఆలస్యమవుతుంది. అంత ఎడాన్ని స్పష్టంగా విడదీయాలంటే పట్టీ వెడల్పు కనీసం కొన్ని వందల మెగాహెర్ట్జ్ ఉండాలి. అందువల్ల విశాలమైన పట్టీలో పనిచేసే యాంటెన్నాలకు ఈ చిట్కా చక్కగా కుదురుతుంది, ఒకే ఒక్క సన్నని పౌనఃపున్యంలో పనిచేసేవాటికి కుదరదు.